చప్పిడి పుస్తకం

ఆ ఎండాకాలం మా వీధిలోనే కాదు, బహుశా ఈ భూమండలం మీదే అందరికంటే ఆరోగ్యంగా తిన్న మనిషి మా బావ. ఇది నోటిమాట కాదు, రాతపూర్వకమైన ఆధారం ఉంది. డెబ్బై రోజుల పాటు ఏ పూట ఏం తిన్నాడో, కూరలో ఎన్ని చెంచాల నూనె పడిందో, తిన్నాక ఎంతసేపు నడిచాడో, అంతా గీతల నోట్‌బుక్కులో నీలం సిరాతో ఉంది. రాసింది నేనే. గుండె డాక్టరు గారు ఆ పుస్తకంలో ఎర్ర సిరాతో "చాలా బాగుంది" అని రెండుసార్లు రాసి సంతకం కూడా పెట్టారు.

అందులో ఉన్న లోపం ఒక్కటే. బావ అవేవీ తినలేదు.

బావ బోర్డులు రాసే పెయింటరు. నిచ్చెన మీద నిలబడి ఒక టైర్ల షాపు పేరు రాస్తుండగా గుండెపోటు వచ్చింది. మొదలుపెట్టిన అక్షరం పూర్తి చేసి, బ్రష్షు కిరసనాయిల్లో ముంచి, నిచ్చెన దిగి, అప్పుడు పడుకున్నాడట. నలభై ఒక్క ఏళ్లు. తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉంచి, ఇంటికి పంపేటప్పుడు నిచ్చెన ఎక్కకూడదన్నారు, ఉప్పూ నూనే ముట్టకూడదన్నారు. తిన్నది తిన్నట్టు రాసి మూడు వారాలకోసారి తెచ్చి చూపించమన్నారు.

"పుస్తకం ఎవరు రాస్తారమ్మా?" అని అడిగింది డైట్ చెప్పే మేడం. ఆవిడ బల్ల మీద ప్లాస్టిక్ క్యారెట్లు, ప్లాస్టిక్ బీన్సు పేర్చి ఉండేవి. బావ ఆవిడకి అప్పటికే క్యారెట్ మేడం అని పేరు పెట్టేశాడు.

అక్క బట్టల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టేది. పొద్దున ఏడింటికి వెళ్తే సాయంత్రం ఆరు దాటాకే రాక.

"మా చెల్లి రాస్తుంది మేడం. పరీక్షలైపోయి ఖాళీగానే ఉంది. మాతోనే ఉంటుంది," అంది.

అంతకుముందు నెలే నేను ఇంట్లో గడియారం గంట ముందుకి తిప్పి, గేటు కూడా తీయకముందే అక్కని ఫ్యాక్టరీకి తోలినదాన్ని. పిల్లికి పాలకుండ అప్పగించడమంటే ఇదే. కానీ అక్కకి ఇంకో పిల్లి లేదు.

మొదటి నాలుగు రోజులు అన్నీ నిజాలే రాశాను. అక్క తెల్లవారుజామునే లేచి బీన్సు, క్యారెట్టు, సొరకాయ ఉడికించి డబ్బాలో సర్ది వెళ్లేది. మధ్యాహ్నం ఆ డబ్బా నేను బావ పనిచేసే చోటికి తీసుకెళ్లేదాన్ని. నిచ్చెన లేదు కాబట్టి షాపుల షట్టర్ల మీద కింది సగం మాత్రం ఒప్పుకుంటున్నాడు. పై సగం ఇంకెవరో రాసేవారు. చిన్న పీట మీద కూర్చుని, దారానికి సుద్దపొడి పట్టించి, ఒక కొస నా చేతికిచ్చి, మధ్యలో లాగి వదిలేవాడు. షట్టరు మీద తెల్లటి గీత పడేది. ఆ గీత మీద అక్షరాలు కూర్చోబెట్టేవాడు. ఒక్కో అక్షరం అవగానే లేచి, నాలుగడుగులు వెనక్కి వేసి, తల ఓ పక్కకి వంచి చూసి, మళ్లీ వచ్చి కూర్చునేవాడు. రోజుకి వందసార్లు లేచేవాడు. వ్యాయామం అని నేను రాసినదాంట్లో నిజమంటూ ఉంటే అదొక్కటే.

ఐదో రోజు డబ్బా మూత తీసి, చాలాసేపు లోపలికి చూశాడు.

"మరదలా, ఇది నన్ను చూస్తోంది," అన్నాడు.

"ఏది?"

"ఈ బీన్సు. పాపం, దానికీ నన్ను తినాలని లేదు."

"తిను బావా. గుండెకి మంచిది."

"గుండెకి మంచిదే. నాలుక సంగతేంటి? అది నాలుగు రోజుల కిందటే పోయింది. ఇంకా ఎవరికీ చెప్పలేదు."

నేను నవ్వాను. అంతే, నేను నవ్వితే బావ ఇక ఆగడు. ఉప్పు లేని సొరకాయ ఎలా ఏడుస్తుందో గొంతు మార్చి చూపించాడు. ఎదురుగా బండి మీద వేయించిన బంగాళాదుంప ముక్కల మీద ఉప్పు చల్లుతున్నాడు ఒక ముసలాయన. ఆ వాసనకి రోడ్డు దాటుతున్న కుక్క కూడా మధ్యలో ఆగిపోయింది.

"ఒక్క పొట్లం. జన్మలో ఇక అడగను," అన్నాడు బావ.

తెచ్చాను. మరుసటి రోజుకి ఆ జన్మ అయిపోయి ఇంకో జన్మ మొదలైంది. ఆ ఎండాకాలం మా బావ సుమారు అరవై జన్మలెత్తాడు. దుంపలు, ఉప్పు వేరుశెనగలు, వేయించిన చేపముక్కలు, వెన్న రాసిన బన్నులు. అక్క కట్టిన డబ్బా పారేస్తే పాపం తగులుతుందని నేను తినేసేదాన్ని. ఆ ఇంట్లో గుండ్రాయిలాంటి గుండె ఉన్నది నాకొక్కదానికే.

రాత్రి భోజనం మాత్రం అక్క కళ్లెదుటే. దానికీ బావ దగ్గర ఉపాయం ఉంది. పొడి రంగులు పోసుకునే చిన్న రేకు డబ్బా ఒకటి కడిగి, అందులో ఉప్పు నింపి, చొక్కా జేబులో పెట్టుకునేవాడు. డబ్బా మీద 'తెలుపు' అని ఆయన రాతే. అక్క నీళ్ల కోసం అటు తిరిగితే చాలు, ఇటు కంచంలో మంచు కురిసేది.

నేను గదిలో కూర్చుని రాసేదాన్ని. 'మధ్యాహ్నం: ఉడికించిన బీన్సు ఒక కప్పు, క్యారెట్టు అరకప్పు. నూనె లేదు. ఉప్పు లేదు. సాయంత్రం: ఒక జామపండు. పేషెంటు ఉత్సాహంగా ఉన్నారు.' ఆ చివరి ముక్క ఎప్పుడూ నిజమే.

మూడు వారాలకి ఆసుపత్రికి వెళ్లాం. క్యారెట్ మేడం పుస్తకం తిరగేసి, లేచి నిలబడి, బయట బెంచీల మీద కూర్చున్న రోగులందరికీ ఎత్తి చూపించింది.

"చూడండి. ఇదీ పద్ధతంటే. ఈ అమ్మాయిని చూసి నేర్చుకోండి."

పదిహేను మంది గుండెజబ్బుల వాళ్లు నా వైపు చూశారు. జీవితంలో నాకు దొరికిన ఒకే ఒక్క సన్మానం అది. బావ పక్కనే కూర్చుని దగ్గు నటిస్తున్నాడు.

డాక్టరు గారు ప్రెషర్ చూశారు. మళ్లీ చూశారు. పట్టీ మార్చి ఇంకోసారి చూశారు.

"తిండి ఇంత బాగుంది, కానీ ప్రెషర్ దిగడం లేదు," అన్నారు. "సరే, మాత్ర డోసు పెంచుదాం."

ఆరో వారంలోనూ ఇదే జరిగింది. ఈసారి డోసుతోపాటు ఇంకో మాత్ర కలిపారు. ఒంట్లో నీళ్లు, ఉప్పు బయటికి పోవడానికట. "ఉన్న ఉప్పు తీసేయడానికి ఒక మాత్ర, ఉప్పు వేసుకోవడానికి ఒక డబ్బా. నా ఒంట్లో ఒక గవర్నమెంటు ఆఫీసే నడుస్తోంది," అన్నాడు బావ బస్సులో. నాకు లోపల ఎక్కడో గుచ్చుకుంది. కానీ బావ నవ్వుతున్నాడు కాబట్టి అది గుచ్చుకోవడం కాదు, ఆకలి అనుకున్నాను.

ఆ రోజుల్లోనే ఒక సంగతి తెలిసింది. ఒక రాత్రి భోజనాల దగ్గర నేను అక్క కంచంలోంచి ఓ ముద్ద లాక్కుని నోట్లో పెట్టుకున్నాను. చప్పిడి. పూర్తిగా చప్పిడి.

"ఇదేంటక్కా, నువ్వూ ఉప్పు వేసుకోలేదా?"

"ఆయనకి అలా పెట్టి నేను కమ్మగా తింటే గొంతు దిగుతుందా?" అంది అక్క, కంచంలోంచి తలెత్తకుండా. "అలవాటైపోయింది లే. మీ బావ ఒక్కమాట అనకుండా తింటున్నారు. ఆయనకి లేని బాధ నాకెందుకు?"

బావ చెయ్యి జేబు దాకా వెళ్లి ఆగిపోయింది. ఆ పూట ఏమీ చల్లుకోలేదు. కానీ మర్నాడు మధ్యాహ్నం మామూలే.

తొమ్మిదో వారం శనివారం వెళ్లినప్పుడు ప్రెషర్ ఇంకా పైనే ఉంది. డాక్టరు గారు మమ్మల్ని బయట కూర్చోమని, అక్కని లోపల ఉంచారు. తలుపు సగం తెరిచే ఉంది. లోపల అక్క గొంతు వినబడుతోంది.

"డాక్టర్ గారూ, నేను వండడంలో ఎక్కడో తప్పు జరుగుతున్నట్టుంది, చెప్పండి. కూరగాయల్లోనే ఉప్పుంటుందేమోనని ఒకసారి ఉడికించి, ఆ నీళ్లు పారబోసి మళ్లీ ఉడికిస్తున్నాను. నూనె సీసా ఇంట్లోనే లేకుండా చేశాను. ఇంకేం తగ్గించాలో నాకు తెలియడం లేదు."

"మీ తప్పేం లేదమ్మా. పుస్తకం మొత్తం చూశాను. ఇంత శ్రద్ధగా తినిపించే ఇల్లు నేను చూడలేదు. కొందరి ఒంటితత్వం అంతే. మందు ఇంకొంచెం పెంచుతాను."

"పోనీ, నా చేతి వంట కాకుండా ఇంకెవరి చేతైనా..."

అక్క ఆ మాట పూర్తి చేయలేదు. బావ బెంచీ మీద కూర్చుని గోళ్ల మధ్య ఎండిన ఎర్రరంగుని గీకుతున్నాడు. అది ఎప్పుడో పోయింది. అయినా గీకుతూనే ఉన్నాడు. ఇంటికొచ్చేదాకా జోకు వేయలేదు.

సోమవారం మధ్యాహ్నం డబ్బా తీసుకుని వెళ్లాను. చెప్పుల షాపు షట్టరు. మూడు అక్షరాలు అయ్యాయి. వస్తూ వస్తూ వేరుశెనగల పొట్లం కూడా తెచ్చాను.

"ఆ డబ్బా ఇలా ఇవ్వు," అన్నాడు.

"ఏం చేస్తావు?"

"తింటాను."

"బావా, ఒంట్లో బాగానే ఉందా?"

"కోతీ, ఇవ్వవే."

తిన్నాడు. బీన్సు, సొరకాయ, అడుగున ఉన్న క్యారెట్టు ముక్క దాకా. మధ్యలో కళ్లు మూసుకున్నాడు, మందు మింగే పిల్లాడిలా. అయ్యాక జేబులోంచి తెలుపు డబ్బా తీసి, మూత విప్పి, కాలవలో వంచేశాడు.

"అక్కకి చెప్పేద్దామా?" అన్నాను.

"ఏమని చెప్తావు? రెండు నెలలుగా నిన్ను వెర్రిదాన్ని చేసి ఆడించామనా?" రేకు డబ్బాని గుడ్డతో తుడిచాడు. "ముందు నిజంగా తిననీ. ప్రెషర్ దిగనీ. దిగిన రోజు నేనే చెప్తా. అప్పుడైతే మీ అక్క తిట్టినా నవ్వుతూ తిడుతుంది."

ఇది చాలా బాగుందనిపించింది. తప్పు చేసి, దిద్దుకుని, చివర్లో నవ్వులు. తిండి గురించి అంత ఆలోచించిన వాళ్లం, మాత్రల గురించి ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

మంగళవారం పొద్దున మంచం మీంచి లేస్తూ గోడ పట్టుకున్నాడు.

"కాళ్లు నేలకి ఆనడం లేదే. పుణ్యాత్ములు ఇలాగే నడుస్తారేమో," అన్నాడు.

"ఒక్కరోజు బీన్సుకే పుణ్యాత్ముడివైపోయావా?" అన్నాను.

బుధవారం ఎండ మరీ మండిపోయింది. పనిలో రెండుసార్లు పీట మీదే కూర్చుండిపోయి, తల మోకాళ్లకి ఆనించుకున్నాడు. మంచినీళ్లు ఇచ్చాను. రాత్రి అక్క ముందు కంచం ఖాళీ చేసి, ఇంకొంచెం పెట్టమన్నాడు. అక్క గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. పెళ్లైనప్పటి నుంచి ఆవిడ వంట ఇంకొంచెం పెట్టమని అడగని పూట లేదు. ఈ డెబ్బై రోజుల్లోనే అడగలేదు.

"నిజంగానా?" అంది.

"బాగుందే. కాస్త మిరియాలు వేశావా?"

"వేశానండీ. మేడం వేసుకోవచ్చన్నారు."

"అదీ సంగతి," అన్నాడు బావ. అక్క ఆ రాత్రి గిన్నెలు కడుగుతూ ఏదో పాట కూనిరాగం తీసింది.

గురువారం నేను డబ్బాతో చేరేసరికి పదకొండున్నర. షట్టరు మీద చివరి అక్షరం. నన్ను చూసి, ఆగమన్నట్టు ఎడమచెయ్యి ఎత్తాడు. అక్షరం కొస నెమ్మదిగా తిప్పి బ్రష్షు తీసేశాడు. తర్వాత ఎప్పటిలాగే చూసుకోవడానికి లేచాడు. ఒక అడుగు వెనక్కి వేశాడు. రెండో అడుగు షాపు ముందు మెట్టు అంచున పడింది. ఆ మెట్టు జానెడెత్తు కూడా ఉండదు. నిచ్చెన ఎక్కొద్దంటే ఎక్కలేదు మా బావ. నేల మీద నుంచే పడ్డాడు.

అక్షరం బాగా వచ్చింది. ఆ షాపు ముందు నుంచి వెళ్లినప్పుడల్లా చూస్తుంటాను.

ఆసుపత్రిలో డాక్టరు గారు అక్కని అడిగారు. "తలకి తగిలిన దెబ్బ పెద్దదమ్మా, లోపల రక్తస్రావం అవుతోంది. కానీ పడిపోవడానికి కారణం తెలియాలి. తీసుకొచ్చేసరికి, మందు ఎక్కువైనట్టు, ప్రెషర్ అడుగంటిపోయి ఉంది. ఈ వారం తిండిలో ఏమైనా మారిందా?"

"లేదండీ. మొదటి నుంచీ ఒకటే తిండి. పుస్తకంలో ఉందిగా."

ఆయన నా వైపు తిరిగారు. "ఈ వారం కూడా రాసినట్టే తిన్నారా?"

"తిన్నారండీ," అన్నాను.

ఆ డెబ్బై రోజుల్లో ఆయనకి నేను చెప్పిన ఒకే ఒక్క నిజం అది. దాన్ని కూడా అబద్ధంలా వాడుకున్నాను. పక్కన అక్క నా చెయ్యి పట్టుకుని ఉంది. వేళ్లు మంచుగడ్డల్లా ఉన్నాయి. ఇప్పుడు చెప్పినా బావ లేచి రాడు కదా అనుకున్నాను. అది తెలివైన ఆలోచనే. పిరికివాళ్లకి తెలివైన ఆలోచనలు చాలా వేగంగా వస్తాయి.

శుక్రవారం పొద్దున బావ పోయాడు.

వచ్చేవాళ్లు వచ్చారు, వెళ్లేవాళ్లు వెళ్లారు. పన్నెండో రోజు మధ్యాహ్నం నేను బజారు నుంచి వచ్చేసరికి అక్క వంటింట్లో కింద కూర్చుని ఉంది. పొయ్యి వెలిగించలేదు. ఒళ్లో పుస్తకం ఉంది. మొదటి పేజీ నుంచి చదువుతోంది, పాఠం చదివే పిల్లలా వేలు పెట్టి.

"కూర్చో," అంది.

కూర్చున్నాను.

"డెబ్బై రోజులు. ఉడికించిన బీన్సు, ఉడికించిన క్యారెట్టు, ఉడికించిన సొరకాయ. ఒక్కరోజు కూడా చిటికెడు ఉప్పు వెయ్యవే అని అడగలేదు. చేపముక్క అంటే ప్రాణం పెట్టే మనిషి." గొంతులో ఏడుపు లేదు. అది ఇంకా భయంగా ఉంది. "ఎలాగూ పోయేదానికి ఆయన నోరు కట్టేశాను. ఒక్క పూట, ఒక్క పూట ఇష్టమైంది వేయించి పెట్టి ఉంటే నా సొమ్మేం పోయేది? ఆకలితో పంపించాను."

"అలా అనకు అక్కా."

"మరేమనాలి? నువ్వే రాశావుగా. ఇదిగో, అంతా ఉంది."

పేజీ తిప్పింది. వేలు కిందికి జారింది. సోమవారం. మంగళవారం. బుధవారం. గురువారం దగ్గర వేలు కొంచెంసేపు ఆగింది. తర్వాత ఇంకా కిందికి జారింది. అప్పుడు గుర్తొచ్చింది నాకు. రోజూ రాయడానికి బద్ధకం నాకు. ఆదివారం మధ్యాహ్నం కూర్చుని, రాబోయే వారం మొత్తం ఒకేసారి రాసి పారేసేదాన్ని.

అక్క పైకి చదివింది. "శుక్రవారం. ఉదయం, ఓట్స్, ఒక అరటిపండు. ఆకలి బాగుంది. శనివారం. మధ్యాహ్నం, పాలకూర, రెండు రొట్టెలు. ఆదివారం. సాయంత్రం అరగంట నడక. పేషెంటు ఉత్సాహంగా ఉన్నారు."

పుస్తకం మూయలేదు. అరవలేదు. నా మొహంలోకి చూసింది, నిజంగా తెలుసుకోవాలన్నట్టు.

"ఎవరు నడిచారే?" అంది.

నా దగ్గర అబద్ధాలు ఎప్పుడూ పది పన్నెండు సిద్ధంగా ఉంటాయి. ఆ నిమిషాన ఒక్కటీ ముందుకు రాలేదు.

చెప్పాను. ఐదో రోజు బంగాళాదుంపల నుంచి మొదలుపెట్టాను. వేరుశెనగలు చెప్పాను. వెన్న బన్నులు చెప్పాను. తెలుపు డబ్బా చెప్పాను. నీ డబ్బాలన్నీ నేనే తిన్నానని చెప్పాను. అక్క మధ్యలో ఆపలేదు. చేపల దగ్గరికి వచ్చేసరికి మాత్రం చెయ్యెత్తింది.

"చేపలు తిన్నారా?"

"వారానికి రెండుసార్లు."

"ఎక్కడ?"

"బస్టాండు పక్కన బండి మీద. బాగా వేగినవి ఏరించుకునేవాడు."

"ఇష్టంగా తిన్నారా?"

"వేళ్లు నాక్కునేవాడక్కా."

అక్క రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి. చేతులు తీశాక చూస్తే ఏడుస్తోంది, కానీ పన్నెండు రోజులుగా బిగుసుకుని ఉన్న మొహం కాస్త వదులైంది. "దొంగమొహం. నా కళ్లెదుట ఎంత బుద్ధిమంతుడిలా కూర్చునేవారో," అంది. "పోనీలే. ఆకలితో పోలేదు. అంతే చాలు నాకు." నా తల తన భుజానికి ఆనించుకుంది. పుస్తకాన్ని గట్టిగా పట్టుకున్న చెయ్యి సడలింది.

అక్కడితో ఆపేయొచ్చు. ఆపేస్తే అక్క ఆ పూట అన్నం తినేది. జీవితాంతం నన్ను, నా అల్లరిని, దీవించుకుంటూ ఉండేది కూడా. బావ అయితే ఏం చేసేవాడో నాకు తెలియదు. వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను. ఒకటి, రెండు, మూడు. ఆలోగా ఎవరైనా తలుపు కొడతారేమో అని చూశాను. ఎవరూ కొట్టలేదు.

భుజం మీంచి తల ఎత్తాను.

"అక్కా, ఇంకా ఉంది," అన్నాను. "సోమవారం నుంచి బావ నిజంగానే తిన్నాడు, నువ్వు పెట్టింది పెట్టినట్టు. కానీ డాక్టరు అన్నిసార్లు మందు పెంచింది బావ తిండి చూసి కాదు. నా రాత చూసి."